గోదారి గట్టున... దామెర్ల ఇల్లు

ఆయన బతికింది ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండకుండానే. చేతినిండా పనిచేసింది అయిదేళ్లు. ఆ అయిదేళ్లలోనే తెలుగువాళ్లకంటూ ఒక చిత్రకళ ఉందని దేశానికి చూపించాడు. ఆయన పోయి నూరేళ్లు దాటింది. అయినా గోదావరి గట్టుమీద ఆయన పేరిట ఒక ఇల్లుంది. అందులో ఆయన గీసిన మనుషులు, చెట్లు, కొండలు, నది ఇంకా ఉన్నాయి. అది ఆయన కట్టించుకున్నది కాదు. ఒక స్నేహితుడు పట్టుబట్టి నిలబెట్టింది.

నెల్లూరు తీరంలోని వాకాడు పేరు చెప్పగానే చాలామందికి మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గుర్తొస్తారు. ఆయన సొంతూరు అది. ఇంకొందరికి స్వర్ణముఖి గుర్తొస్తుంది. ఆ చుట్టుపక్కలే నది సముద్రంలో కలుస్తుంది. అదే నది వెంట పైకి వెళితే శ్రీకాళహస్తి. అక్కడ కలంకారీ పనివాళ్లు తరతరాలుగా వెదురు కలంతో గుడ్డమీద రామాయణ, భారతాలను గీశారు. రంగు అద్దిన గుడ్డను ఆ ఏటి నీళ్లలోనే ఉతికారు. గుళ్లకు వెళ్లిన ఆ తెరలమీద గీసినవాళ్ల పేర్లు చాలావరకు లేవు. వాళ్ల ఇళ్లు ఎక్కడో చెప్పేవాళ్లూ లేరు.

తెలుగునాట బొమ్మలు గీసినవాళ్ల కథ చాలాకాలం ఇలాగే నడిచింది. బొమ్మ మిగిలితే మనిషి మిగల్లేదు. మనిషి పేరు మిగిలితే ఇల్లు మిగల్లేదు. పేరు, బొమ్మలు, వాటిని చూడ్డానికో చోటు... మూడూ కలిసి మిగిలిన సందర్భాలు తక్కువ. అందులో ఒకటి చూడాలంటే వాకాడు వాళ్లయినా, మరెవరైనా గూడూరులో ఉత్తరాదికి వెళ్లే రైలెక్కాలి. నెల్లూరు దాటగానే పెన్న, బెజవాడ ముందు కృష్ణ, కొవ్వూరు దాటాక గోదావరి. మూడు పెద్ద నదులు దాటి సుమారు 440 కిలోమీటర్లు వెళితే రాజమండ్రి. 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరం. జనం నోట మాత్రం ఇప్పటికీ రాజమండ్రే.

ఇల్లంటే ఏది?

1848 ఏప్రిల్ నెల మన దక్షిణాదికి బాగా కలిసొచ్చింది. 16న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పుట్టారు. 29న కేరళలోని కిళిమానూరులో రాజా రవివర్మ పుట్టారు. ఒకరు సంఘాన్ని మార్చారు. ఇంకొకరు దేవుళ్లకు మన ఇళ్లలో ఒక రూపం ఇచ్చారు. పండగలకు గోడకు తగిలించుకునే లక్ష్మీ, సరస్వతుల పటాలకు మూలం ఆయన గీసిన బొమ్మలే.

ఇద్దరి ఇళ్లనూ జనం కాపాడుకున్నారు. వీరేశలింగం ఇల్లు రాజమండ్రిలో స్మారకంగా ఉంది. తిరువనంతపురానికి ఉత్తరాన కిళిమానూరు కోవిలగంలో రవివర్మ బాల్యం గడిచిన వాకిళ్లు, ఆయన బొమ్మలు వేసుకున్న చిత్రశాల ఉన్నాయి. చిన్నప్పుడు గోడలమీద బొగ్గుతో జంతువుల బొమ్మలు గీస్తుంటే మేనమామ రాజరాజవర్మ తిట్టకుండా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించాడని చెబుతారు. పద్నాలుగేళ్లప్పుడు తిరువాన్కూరు ఆస్థానానికి తీసుకెళ్లిందీ ఆ మేనమామే. దేశమంతా తిరిగిన రవివర్మ 1906 అక్టోబరు 2న ఆ ఇంట్లోనే కన్నుమూశారు.

చిత్రకారుడి చిన్నప్పటి ఇల్లు చూడటంలో ఉన్న సుఖం అదే. ఈ కిటికీలోంచే ఆ వెలుగు చూశాడు, ఈ గోడమీదే మొదటి గీత గీశాడు అనుకుంటాం. కానీ రవివర్మ వెనక ఓ సంస్థానం ఉంది. మరి సంస్థానం లేని మధ్యతరగతి కుటుంబంలో పుట్టి, ఇల్లు కట్టుకునే వయసుకైనా రాకుండా వెళ్లిపోయిన వాడికో? అలాంటి వాడికి ఊరే ఓ ఇల్లు కట్టాలి. రాజమండ్రి ఆ పని చేసింది. దాని పేరు దామెర్ల రామారావు స్మారక చిత్రశాల.

దొరగారి చూపు

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. తండ్రి వైద్యుడు. పిల్లవాడి మనసు పుస్తకాలకంటే పెన్సిల్ మీదే ఉండేది. ఆ రోజుల్లో బొమ్మలు గీస్తే అన్నం పెడుతుందని నమ్మేవాళ్లు లేరు. గుమాస్తాగిరీ, ప్లీడరీ, బడిపంతులు ఉద్యోగం... చదువుకున్న కుటుంబాలకు తెలిసిన దారులు ఇవే.

అప్పుడు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ఉండేవారు. పేరుకు దొరే గానీ ఆ కాలపు తెల్ల అధికారుల్లా ఉండేవారు కాదు. స్వయంగా కవి, కథకుడు, చిత్రకారుడు. సాయంత్రాలు శిష్యులను వెంటబెట్టుకుని గోదావరి ఒడ్డున తిరిగేవారు. నీళ్లమీద పడే ఎండ, తెరచాప పడవలు, గట్టుమీద చెట్లు చూపించి, వాటిని గీయమనేవారు. రాయగలిగినవాణ్ని రాయమనేవారు. ఆ బృందంలోంచి వచ్చినవాళ్లే అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, వరద వెంకటరత్నం. తర్వాత 'నారాయణరావు', 'హిమబిందు' నవలలతో తెలుగువాళ్ల మనసు దోచిన బాపిరాజు కుంచె పట్టడం వెనక కూడా ఆ సాయంత్రాలున్నాయి.

రామారావు బొమ్మలు చూసిన కూల్డ్రేకు ఒక సంగతి అర్థమైంది. ఈ కుర్రాడికి కావలసింది డిగ్రీ కాదు, కుంచె. నేర్పగలిగినంత తానే నేర్పారు. అంతటితో ఊరుకోలేదు. 1916లో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. రాజమండ్రి నుంచి బొంబాయికి బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్లడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. వెనక ఒక పెద్దమనిషి అండ లేకపోతే ఏ తండ్రీ ఒప్పుకోడు.

ఒక టీచరు చూపు ఒక పిల్లవాడి జీవితాన్ని ఎంత మార్చగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కూల్డ్రే తర్వాత స్వదేశం వెళ్లిపోయారు. ఇక్కడి రోజుల గురించి ఇంగ్లీషులో ఆయన రాసిన పుస్తకం 1924లో వచ్చింది. రాజమండ్రి మాత్రం ఆయన్ను మరిచిపోలేదు. దామెర్ల పేరు చెప్పిన ప్రతిచోటా కూల్డ్రే పేరు కూడా చెప్పుకుంటారు.

బొంబాయి చదువు... గోదారి మనుషులు

జె.జె. స్కూల్‌లో ఆ రోజుల్లో నేర్పింది యూరప్ పద్ధతి. ఎదురుగా మనిషిని నిలబెట్టి కండ, ఎముక, నీడ, వెలుగు ఉన్నదున్నట్టు గీయాలి. అదే సమయంలో కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యులు దానికి ఎదురు దారి పట్టారు. పాశ్చాత్య అనుకరణ వద్దన్నారు. అజంతా, మొగల్, రాజపుత్ర చిత్రాలను చూసి, తడిసిన కాగితం మీద పలచని రంగులు పూసి, కలలాంటి బొమ్మలు వేశారు. దేశంలో చిత్రకారులు రెండు శిబిరాలుగా నిలబడిన రోజులవి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చాక బెంగాల్ పద్ధతి తెలుగునేలమీదా వేళ్లూనింది. బాపిరాజు ఆయన దగ్గరే శిష్యరికం చేశారు.

రామారావు ఈ రెండింటిలో ఏదీ పూర్తిగా తీసుకోలేదు. ఏదీ పూర్తిగా వదల్లేదు. బొంబాయి నేర్పిన శరీర నిర్మాణం ఉంచుకున్నాడు. కానీ నీడలతో బరువెక్కించలేదు. అజంతా గోడల్లోని గీత తెచ్చుకున్నాడు. కానీ బెంగాల్ బొమ్మల్లోలా మనుషులను మంచులో ముంచలేదు. అందుకే ఆయన బొమ్మల్లోని స్త్రీలు పురాణంలోంచి వచ్చినట్టు ఉంటూనే, గోదావరి జిల్లా వీధిలో ఎదురైనట్టూ ఉంటారు. చీర కట్టు, జడ, నిలబడే తీరు మనకు తెలిసినవే.

1920లో చదువు ముగిసింది. గుజరాత్, కథియవాడ్ ప్రాంతాలు తిరిగి బొమ్మలు గీశాడు. రాజాస్థానాల్లో చిత్తరువులు వేసుకుంటూ హాయిగా బతకొచ్చు. ఆయన మాత్రం రాజమండ్రి తిరిగొచ్చేశాడు.

చేతిలో ఉన్న అయిదేళ్లు

ఆ తర్వాత జరిగింది ఒక పరుగులాంటిది. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం' చిత్రానికి వైస్రాయ్ బహుమతి వచ్చింది. రామాయణంలో అందరికీ తెలిసిన కథే. అంగరాజ్యంలో వానలు లేక కరవొస్తుంది. ఆడదాని ముఖం ఎరగని ముని కుమారుణ్ని వారకాంతలు మాయచేసి తీసుకొస్తే వాన కురుస్తుంది. కథ పాతది. దాన్ని తెలుగు ముఖాలతో చెప్పడం కొత్త. తూర్పు కనుమల నడుమ పారే గోదావరిని గీసిన చిత్రాన్ని నాటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ కొనుక్కున్నారు. 1924లో లండన్ శివార్లలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు రామారావు బొమ్మలు వెళ్లాయి.

ఇంత పేరొచ్చినవాడు తన బొమ్మలు తాను వేసుకుంటూ కూర్చోలేదు. ఆంధ్రదేశంలో చిత్రకళ బతకాలంటే ఒక్కడు చాలడనుకున్నాడు. రాజమండ్రిలో చిత్రకారుల సంఘం పెట్టాడు. ప్రదర్శనలు ఏర్పాటు చేశాడు. వచ్చిన కుర్రాళ్లకు నేర్పాడు.

ఇంట్లోనూ అదే వాతావరణం. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ చిత్రలేఖనం చేశారు. ఆడపిల్లలు గడప దాటడమే గొప్పగా ఉన్న రోజుల్లో ఒక తెలుగింట్లో ఇద్దరు స్త్రీలు కుంచె పట్టడం మామూలు విషయం కాదు. రామారావు చిత్రాల్లోని ఎన్నో రూపాలకు సత్యవాణే నమూనా అని చెబుతారు. స్త్రీ శరీరాన్ని గీయడమే తప్పుగా చూసే కాలమది. ఆ బొమ్మల్లో ఇప్పుడు కూడా ఎక్కడా వెకిలితనం కనిపించదంటే, గీసినవాడి చూపులో ఉన్న గౌరవమే కారణం.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ను తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదో పుట్టినరోజు ఇంకో నెల దూరంలో ఉంది. ఆ జబ్బు దేశం వదిలిపోయింది మరో యాభై ఏళ్లకు. 1975 తర్వాత మన దేశంలో మశూచి కేసు రాలేదు.

స్నేహితుడి పంతం

కథ ఇక్కడితో ఆగిపోయేదే. చిన్న వయసులో పోయిన కళాకారుల బొమ్మలు ఏమవుతాయో మనకు తెలుసు. కొన్ని బంధువుల ఇళ్లకు వెళతాయి. కొన్ని అటక ఎక్కుతాయి. కొన్ని వానకు తడుస్తాయి. కొన్నింటిని ఎవరో కొనుక్కుపోతారు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఎవరైనా అడిగితే 'ఆయన బొమ్మలు గీసేవాడట' అనే మాట మిగులుతుంది.

అలా కాకపోవడానికి కారణం వరద వెంకటరత్నం. రామారావు కంటే రెండేళ్లు పెద్ద. కూల్డ్రే బృందంలోనివాడే. మంచి చిత్రకారుడు. తన బొమ్మలతో తాను పేరు తెచ్చుకోగలడు. కానీ స్నేహితుడు పోయాక తన జీవితానికి ఒకటే పని పెట్టుకున్నాడు. రామారావు గీసినవి చెల్లాచెదురు కాకూడదు, ఆయన మొదలుపెట్టిన బడి ఆగకూడదు. సత్యవాణి సహకారం ఆయనకు దొరికింది. భర్త గుర్తుగా మిగిలింది ఆ బొమ్మలే. అమ్ముకుంటే డబ్బొస్తుంది. అయినా వాటిని ఒకచోట, ఊరందరి కోసం ఉంచడానికి ఒప్పుకోవడం సామాన్యమైన త్యాగం కాదు.

అలా గోదావరి గట్టున చిత్రశాల, దానితోపాటు చిత్రకళాశాల వెలిశాయి. ఒకపక్క బొమ్మలు, ఇంకోపక్క వాటిని చూస్తూ నేర్చుకునే విద్యార్థులు. గురువు లేడు గానీ గురువు గీసిన గీతలు కళ్లముందే ఉన్నాయి. వెంకటరత్నం 1963లో కన్నుమూసే దాకా, అంటే 38 ఏళ్లపాటు ఆ దీపం ఆరకుండా చూశారు. రామారావు బతికిన కాలం కంటే ఆయన కోసం వెంకటరత్నం పనిచేసిన కాలమే ఎక్కువ! తర్వాత ఆ బాధ్యత ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది.

రామారావు ఇల్లు చూడాలని వచ్చినవాళ్లు చూడాల్సింది ఈ చిత్రశాలనే. ఇక్కడ ఆయన పడుకున్న మంచం, కూర్చున్న కుర్చీ కోసం వెతకనక్కర్లేదు. ఆయన కళ్లు చూసినవన్నీ ఇక్కడున్నాయి.

ఎలా చూడాలి?

పిల్లలతో వెళ్లేవాళ్లు పావుగంటలో గబగబా చుట్టేసి రావొద్దు. 'పుష్పాలంకారం', 'సిద్ధార్థ రాగోదయం', 'నంది పూజ' లాంటి పేరున్న చిత్రాల ముందు కాసేపు నిలబడండి. ముందు దూరం నుంచి మొత్తం బొమ్మను చూడండి. తర్వాత చేతులను మాత్రమే చూడండి. పువ్వు పట్టుకున్న చేయి, కుండ మోసే చేయి, దణ్ణం పెట్టే చేయి. ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఆ తర్వాత పాదాలు. మనిషి బరువు ఏ కాలిమీద ఉందో తెలిసిపోతుంది. బొంబాయి చదువు కనిపించేది అక్కడే.

తర్వాత స్కెచ్చుల దగ్గరికి రండి. పెద్ద బొమ్మలకంటే ఇవే మనకు దగ్గరగా అనిపిస్తాయి. పెన్సిల్‌తో నాలుగు గీతల్లో ఒక ముఖం, ఒక చెట్టు, ఒక పడవ. పెద్ద చిత్రం చూస్తే గొప్పవాడు కనిపిస్తాడు. స్కెచ్ చూస్తే పనిచేస్తున్న మనిషి కనిపిస్తాడు. 'ఇది నేనూ గీయగలనేమో' అని ఓ పిల్లవాడికి అనిపించేది అక్కడే.

బయటికొచ్చాక గోదావరి వైపు చూడండి. నీటి రంగు, ఆకాశం రంగు, దూరంగా వంతెనలు. రామారావు కాలంలో ఉన్నది ఒక్క హేవలాక్ వంతెనే. 1900లో మొదలైన ఆ రైలు వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన, తర్వాత విల్లుల్లాంటి కమానులతో మరో రైలు వంతెన వచ్చాయి. నది మాత్రం అదే. లోపల చూసిన రంగులు చాలావరకు బయటా దొరుకుతాయి.

నూరేళ్ల కాగితం

ఆ నదే ఈ బొమ్మలకు ప్రాణం. ఆ నదే వాటికి గండం కూడా. నీటి రంగుల చిత్రం గీసేది కాగితం మీద. కాగితం గాల్లోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బిగుసుకుంటుంది. తేమ ఎక్కువైతే బూజు పట్టి గోధుమరంగు మచ్చలు పడతాయి. ఎండ నేరుగా తగిలితే రంగు వెలిసిపోతుంది. ఒకసారి వెలిసిన రంగును ఏ నిపుణుడూ వెనక్కి తేలేడు. నూనె రంగులది ఇంకో బాధ. పైన పూసిన వార్నిష్ కాలం గడిచేకొద్దీ పచ్చబారి, నల్లబడి అసలు రంగును కప్పేస్తుంది. కింది గుడ్డ సాగి, ముడుచుకుంటే రంగు పొర పగుళ్లిస్తుంది.

వీటిని కాపాడటం తెలిసిన పనే. కిటికీల వెలుగు తగ్గించాలి. గాల్లో తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉండేలా చూడాలి. పుల్లదనం లేని అట్టలు వెనక వేసి ఫ్రేములు కట్టాలి. ప్రతి చిత్రాన్నీ నాణ్యంగా ఫొటో తీసి, ఇప్పుడెలా ఉందో రాసిపెట్టాలి. పదేళ్ల తర్వాత ఏం మారిందో తెలిసేది అప్పుడే. హైదరాబాదు సాలార్జంగ్ మ్యూజియంలో, లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనశాలలో ఈ విద్య తెలిసినవాళ్లున్నారు. కావలసింది నిధులు, అంతకుమించి పట్టుదల.

ఎందుకింత శ్రద్ధ అంటే... రవివర్మ అసలు చిత్రం ఒకటి పోయినా బడోదాలో, తిరువనంతపురంలో, మైసూరులో ఇంకా బోలెడున్నాయి. పైగా అచ్చు పటాల రూపంలో ఆయన ప్రతి ఇంట్లో ఉన్నాడు. రామారావుకు అచ్చుయంత్రం లేదు. అయిదేళ్లలో గీసినవి గీసినన్నే. వాటిలో ఎక్కువ భాగం ఒకే కప్పు కింద ఉన్నాయి. ఆ కప్పు కారితే తెలుగు చిత్రకళ మొదటి అధ్యాయమే తడిసిపోతుంది.

జనం రావడమూ ఒక రక్షణే. రోజూ పదిమంది వచ్చి చూసే చిత్రశాలలో బల్బు పోతే అడిగేవాళ్లుంటారు. ఎవరూ రాని చిత్రశాలలో గోడ నెర్రెలిచ్చినా తెలియదు. కడియం పూలతోటలకు, పాపికొండల లాంచీకి, పుష్కర ఘాట్‌కు వచ్చే వేలమందిలో కొందరైనా ఇటు తిరిగితే ఆ బొమ్మలకు అంతకంటే బలం లేదు.

వెళ్లాలంటే...

చెన్నై - హౌరా మార్గంలో రాజమండ్రి పెద్ద స్టేషన్. గూడూరు, నెల్లూరుల నుంచి నేరుగా రైళ్లున్నాయి. రైలు కొవ్వూరు దాటి మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఉండే వంతెన మీదికి రాగానే పిల్లలను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. చిత్రశాల గోదావరి గట్టు రోడ్డులో ఉంది. స్టేషన్ బయట ఆటోవాళ్లకు దామెర్ల ఆర్ట్ గ్యాలరీ అంటే చాలు. సెలవులు, వేళలు ముందే కనుక్కుని బయలుదేరడం మంచిది. అదే రోజు వీరేశలింగం ఇల్లు, రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం, గౌతమీ గ్రంథాలయం కూడా చూడొచ్చు. సాయంత్రానికి ధవళేశ్వరం వెళితే కాటన్ ఆనకట్ట దగ్గర సూర్యాస్తమయం బాగుంటుంది.

తిరిగొచ్చాక ఒక పని చేయొచ్చు. వాకాడయినా, వనపర్తయినా, మన ఊళ్లోనూ పుస్తకం అట్టమీద, అరుగుమీద బొమ్మలు గీస్తూ తిట్లు తినే పిల్లవాడో, పిల్లో ఉండే ఉంటారు. వాళ్లకో రంగుల పెట్టె, నాలుగు తెల్లకాగితాలు కొనివ్వండి. వీలైతే వచ్చే సెలవుల్లో రాజమండ్రికి టికెట్ తీయండి.